సైన్సు క్లాసుకి ఒక సిరంజీ చాలు కదా సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

మా పాప ఆరో క్లాసు. ఘన, ద్రవ, వాయు పదార్థాల నిర్వచనాలు గడగడా అప్పజెప్పేస్తుంది, కానీ ఇసుకని గ్లాసులో పోస్తే గ్లాసు షేపే వస్తుంది కదా మరి అది ద్రవమా అంటే నీళ్లు నమిలింది. బోర్డు మీద రాసింది కాపీ చేసుకోమంటే ఇంతే మరి, ఇసుకని నేల మీద పోసి చూపిస్తే కుప్పగా నిలబడుతుంది, నీళ్లు నిలబడవు, ఒక్కో రేణువూ దాని షేపు అది వదలదు అని పిల్లలే చెప్తారు.

సూది లేని సిరంజీలో గాలి లాగి, మూతి వేలితో మూసి నొక్కమనండి, సగం దాకా లోపలికి పోతుంది, వదిలితే వెనక్కి తన్నుకొస్తుంది, అదే బుడగల్లేకుండా నీళ్లు నింపి నొక్కితే కదలనే కదలదు. కణాల మధ్య ఖాళీ అంటే ఏంటో అప్పుడు వేలికే తెలిసిపోతుంది.

ఇంకోటి, ఇడ్లీ పాత్ర మీద తెల్లగా కనబడేదాన్ని వాయువు అని చెప్పేస్తున్నారు, అసలు నీటి ఆవిరి కంటికి కనబడదండీ, ఆ తెల్లది చల్లబడి మళ్లీ నీళ్లయిన తుంపర్లు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చే ఆఫీసర్లు నోట్సులో రెడ్ ఇంకు టిక్కులు చూడ్డం తగ్గించి, ఇవి చేయించారా అని పిల్లల్నే అడిగితే బాగుంటుంది.

- ఒక పేరెంట్, ఖమ్మం