మా నాటికకు మాట ఇచ్చినవాళ్లకు

నాటిక వేసి వారం దాటింది. ఆ రాత్రి చివర్లో నటీనటులందర్నీ వరసగా నిలబెట్టి పరిచయం చేశాను గానీ, అసలు దణ్ణం పెట్టాల్సినవాళ్ల దగ్గరికి వచ్చేసరికి గొంతు పూడుకుపోయింది. "అందరికీ కృతజ్ఞతలు" అని ఒక్క ముక్క అనేసి పక్కకు వచ్చేశాను. అప్పట్నుంచీ మనసు పీకుతూనే ఉంది. వాళ్లలో చాలామంది తమ పేర్లు ఎక్కడా రాకూడదని ముందే నా దగ్గర మాట తీసుకున్నారు. అందుకే పేర్లు లేకుండా రాస్తున్నాను. చదివితే ఎవరి సంగతి వాళ్లకు తెలిసిపోతుంది.

చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. నగరం నడిబొడ్డున ఇరుకైన పాత పేట. ముందు వీధిలో మూడు తరాలుగా పాతుకుపోయినవాళ్లు, వెనక వీధిలో పనుల కోసం వచ్చి అద్దెకు దిగినవాళ్లు. ఆటలో ఇద్దరు పిల్లలు కొట్టుకుంటారు. ఒకడి నుదురు చిట్లుతుంది. ఎవరో దాన్ని ఫోన్లో తీస్తారు. పన్నెండు సెకన్ల వీడియో. మధ్యాహ్నం మూడింటికి పిల్లల తగువుగా మొదలైంది, రాత్రి తొమ్మిదయ్యేసరికి రెండు వీధుల తగువైపోతుంది. గంటా పది నిమిషాల నాటికలో జరిగేదంతా ఆ ఆరు గంటల్లోనే. ఇది ఊహించి రాసింది కాదు. మేముండే చోట జరిగిందే. మనుషుల ఆనవాళ్లు మార్చాం, సంగతి మార్చలేదు.

మొదటి ప్రతి నేనొక్కదాన్నే కూర్చుని రాశాను. నిండా అరుపులు, తోపులాటలు. చివర్లో ఒక పెద్దమనిషి మెట్టు మీద నిలబడి రెండు పేజీలు మాట్లాడతాడు, అందరూ తలలు దించుకుంటారు. రాసినప్పుడు అది నాకు బాగానే ఉందనిపించింది. పేటలో పదకొండు మందిని పిలిచి చదివి వినిపించాను. ఎవరూ ఏమీ అనలేదు. ముందు వీధి చివరింటి అమ్మ మాత్రం లేచి నిలబడి, "ఇదంతా అరుపులేగా తల్లీ. మా దగ్గర గొడవ అరుపుతో రాదు. ముందు పలకరింపు పోతుంది. తర్వాత కిటికీ మూస్తారు" అంది.

అని ఊరుకోలేదు. మేం కూర్చున్న గది కిటికీ దగ్గరికి వెళ్లి మూసి చూపించింది. రెక్కను మెల్లగా దగ్గరికి లాగి, బొటనవేలితో గడియను తోసింది. గడియ సగం దాకా వెళ్లి ఆగింది. వేలు తీయకుండా, కిటికీ సందులోంచి అవతలికి చూస్తూ ఒక్క క్షణం అలాగే నిలబడింది. అప్పుడు మిగతా సగం తోసింది. తుప్పు పట్టిన ఇనుము కీచుమంది. "ఇదీ ఆ రోజు నేను చేసింది. ఎదురింటి పిల్ల నా కళ్లలోకి చూస్తుండగానే చేశాను" అంది.

నాటిక రెండో సగం మొత్తం ఆ రాత్రే కొట్టేసి మళ్లీ రాశాను. పెద్దమనిషి ఉపన్యాసం పోయింది. దాని స్థానంలో మాటల్లేని మూడు నిమిషాలు వచ్చాయి. ఒకదాని తర్వాత ఒకటిగా ఏడు కిటికీలు మూసుకుంటాయి, అంతే. చూసినవాళ్లు ఎక్కువగా మాట్లాడుతున్నది ఆ మూడు నిమిషాల గురించే. అమ్మా, అది నేను రాసింది కాదు, మీ బొటనవేలు రాసింది.

దారి చూపించిన మాస్టారికి రెండో దణ్ణం. రంగస్థలం మీద జీవితం గడిపిన మనిషి. ఒక్కసారి వచ్చి వెళ్తానని చెప్పి, నాలుగు నెలలు మాతోనే ఉన్నారు. న్యూయార్క్ నగరంలో బ్రూక్లిన్‌లోని క్రౌన్ హైట్స్ అనే పేట గురించి మాకు మొదట చెప్పింది ఆయనే. 1991 ఆగస్టులో అక్కడ ఒక కారు ఢీకొని ఏడేళ్ల నల్లజాతి పిల్లవాడు చనిపోయాడు. ఆ కారు యూదు మతగురువు వాహనశ్రేణిలోది. కొన్ని గంటల్లోనే ఒక యూదు విద్యార్థి కత్తిపోట్లకు గురై చనిపోయాడు. పేట అట్టుడికింది. అన్నా డీవర్ స్మిత్ అనే నటి రెండు వైపుల మనుషుల దగ్గరికీ వెళ్లి, వాళ్లు చెప్పింది రికార్డు చేసుకుని, ఆ మాటలనే 1992లో నాటకంగా వేసింది. పాత్రలన్నీ ఆమె ఒక్కతే. సొంత మాట కలపలేదు. మనిషి ఎక్కడ తడబడ్డాడు, ఎక్కడ మాట మింగాడు, ఎక్కడ ఊపిరి పీల్చాడు అన్నది కూడా మాటతో సమానంగా పట్టుకుంది. "మీరూ వినండి. రాయడం తర్వాత" అన్నారు మాస్టారు.

మేం విన్నాం. ఇరవై ఏడు మంది మాతో కూర్చున్నారు. నేల మీద మధ్యలో ఫోను, చుట్టూ మేం. ఎవరు ఎప్పుడు చాలన్నా ఆపేయడం, రాసుకున్నది వాళ్లకే చదివి వినిపించడం, వద్దన్న ముక్క తీసేయడం, పని అయిపోయాక రికార్డింగులన్నీ చెరిపేయడం, ఇవీ మేం పెట్టుకున్న కట్టుబాట్లు. నలుగురు చివర్లో వద్దన్నారు. వాళ్ల మాట ఒక్కటి కూడా నాటికలో లేదు. వద్దని చెప్పడానికి ఇంటిదాకా వచ్చి కూర్చున్నారు చూడండి, ఆ నమ్మకానికి కూడా నేను రుణపడ్డాను.

ఆ వీడియో అందరికీ పంపిన తమ్ముడు తనంతట తనే వచ్చాడు. మేం వెతకలేదు, అడగలేదు. తలుపు దగ్గర నిలబడే చెప్పాడు, లోపలికి రమ్మన్నా రాలేదు. "పంపేశాక..." అని ఆగిపోయాడు. ఎంతసేపటికీ మాట రాలేదు. రికార్డింగులో లెక్కపెడితే తొమ్మిది సెకన్లు. తర్వాత "పంపేశాక ఫోను జేబులో పెట్టుకున్నానండి" అన్నాడు. నాటికలో అదే ఉంది. రిహార్సల్స్‌లో మా కుర్రాడు ఆ తొమ్మిది సెకన్లను ఆపలేక రెండు సెకన్లకే డైలాగ్ అందుకునేవాడు. స్టేజీ మీద మౌనం నటుడికి యుగంలా ఉంటుంది మరి. ఒకరోజు ఈ తమ్ముడే వెనక కూర్చుని చూసి, మెల్లగా వచ్చి, "అన్నా, అంత తొందరగా రాలేదు నాకు ఆ మాట" అన్నాడు. ఆ తర్వాత ఎవరూ దాన్ని తగ్గించలేదు. తమ్ముడూ, నిన్ను ఎవరూ గుర్తుపట్టకుండా చూసుకుంటామని చెప్పాం. చూసుకున్నాం.

నుదురు చిట్లిన పిల్లవాడి తల్లికి వేరుగా చెప్పాలి. స్క్రిప్టులో ఆమె పాత్ర చివర్లో అవతలి పిల్లవాడి తల నిమురుతుంది. అది నేను కల్పించి పెట్టింది. చదివి వినిపించగానే ఆమె ముఖం మారిపోయింది. "నేను క్షమించానని మీకెవరు చెప్పారు? నేనింకా ఆ వీధిలోంచి నడవడం లేదు" అంది. కోపంగా కాదు, ఉన్నదున్నట్టు. నాకు సిగ్గేసింది. చూసేవాళ్లకు ఊరట కావాలని, ఆమె పడుతున్నదాన్ని నేను తుడిచేయబోయాను. ఆ సన్నివేశం తీసేశాం. ఇప్పుడు ఆమె పాత్ర పిల్లవాడి చెయ్యి పట్టుకుని చుట్టుదారిన ఇంటికి వెళ్తుంది. ఆ చుట్టుదారి నటించడానికి రంగస్థలం చుట్టూ ఒకటిన్నర నిమిషం నడవాలి. ప్రతి అడుగూ ఆమె దయ.

ప్రదర్శన నాలుగు రోజులుందనగా, మాకిచ్చిన హాలు వెనక్కి తీసుకున్నారు. ఇలాంటి విషయం మీద నాటకమంటే మళ్లీ రగులుకుంటుందేమోనన్నారు. ఆ భయం నాకు అర్థమవుతుంది, కానీ నేను ఒప్పుకోను. మాట్లాడినందువల్ల కాదు, మాట్లాడనందువల్లే ఆ రోజు అంతదాకా వచ్చింది. ఏం చేయాలో తోచక కూర్చుంటే, రెండు వీధుల మధ్య ఉన్న అపార్ట్‌మెంట్ వాళ్లు తమ సెల్లార్ ఇచ్చారు. రెండు రోజుల పాటు బళ్లన్నీ బయట పెట్టుకున్నారు. నేల కడిగారు. ఎవరూ ఒక్క షరతు పెట్టలేదు.

సెల్లార్‌లో వేదిక ఉండదు, తెర ఉండదు, పైకప్పు తలకు తగిలేంత కిందికి ఉంటుంది, మధ్యలో స్తంభాలు. అప్పుడు మాస్టారు బెంగాలీ నాటక రచయిత బాదల్ సర్కార్‌ను గుర్తు చేశారు. 1970లలో కలకత్తాలో ఆయన వేదికను వదిలేసి, మామూలు గదిలో ప్రేక్షకుల మధ్యనే నాటకాలు వేశారు. నటుడికీ చూసేవాడికీ నడుమ దూరం ఉండకూడదన్నది ఆయన పట్టుదల. మేం కుర్చీలు రెండు వరసలుగా ఎదురెదురుగా వేసి, మధ్యలో ఆడాం. అనుకోకుండా జరిగిందేమిటంటే, ముందు వీధి వాళ్లు ఒక వైపు, వెనక వీధి వాళ్లు ఇంకో వైపు కూర్చున్నారు. ఎవరూ చెప్పలేదు, వాళ్లే అలా సర్దుకున్నారు. దాంతో నాటిక సాగినంతసేపూ ఒకరి ముఖం ఒకరికి కనిపిస్తూనే ఉంది. హాల్లో అయితే చీకట్లో ఒకరి వీపు ఒకరు చూసేవాళ్లు.

పైనుంచి లైటు వేయడానికి వీల్లేకపోయినా, స్తంభాల పక్కన మోకాలెత్తున దీపాలు పెట్టి నీడలతోనే రాత్రిని తెచ్చిన లైటింగ్ అన్నకు, సెల్లార్ లైను అంత లోడు తట్టుకోదని గమనించి రాత్రికి రాత్రే వేరే లైను లాగిన ఎలక్ట్రీషియన్‌కు, ఒక్కసారి కూడా గొంతు బయటికి వినపడనివ్వకుండా నటులకు డైలాగులు అందించిన ప్రాంప్టర్‌కు, దుస్తులు కుట్టిన అక్కకు, మెట్ల దగ్గర చెప్పుల కుప్పకు కాపలా కాసిన పిల్లలకు నమస్కారం.

నాటిక అయ్యాక జరిగింది కూడా చెప్పాలి. బ్రెజిల్ నాటక దర్శకుడు అగస్టో బోల్ పద్ధతి ఒకటుంది, ఫోరం థియేటర్ అంటారు. సైనిక పాలకులు 1971లో ఆయన్ను పట్టుకుని హింసించి దేశం దాటేలా చేస్తే, పెరూలో పనిచేస్తున్నప్పుడు అది రూపు దిద్దుకుంది. చూసేవాళ్లలోంచి ఎవరైనా "ఆగండి" అని లేచి, పాత్రలోకి వచ్చి, తామైతే ఏం చేసేవాళ్లో చేసి చూపించవచ్చు. మంత్రం వేసినట్టు తేలిపోయే పరిష్కారాలు మాత్రం చెల్లవు. దాన్ని నడిపించే మనిషిని జోకర్ అంటారు. మాస్టారే ఆ పని చేశారు.

చాలాసేపు ఎవరూ లేవలేదు. తర్వాత వెనక వీధి నుంచి ఒకామె లేచింది. కిటికీ మూసుకునే చోట ఆపమంది. మధ్యలోకి నడిచి వచ్చి, మూసిన కిటికీ మీద వేళ్లతో తట్టింది. లోపలున్న మా నటికి పాత్ర వదలొద్దని చెప్పి ఉంచాం, ఆమె తీయలేదు. మళ్లీ తట్టింది. తీయలేదు. "రేపు వస్తాను" అని కిటికీతో చెప్పి, వెళ్లి తన కుర్చీలో కూర్చుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అవతలి వరసలో ఒకాయన, "రేపొస్తే మాత్రం ఎవరు తీస్తారు?" అన్నాడు. "తీయకపోతే ఎల్లుండి" అంది ఆమె. అక్కడినుంచి నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు. కొన్ని మాటలు గట్టిగానే పడ్డాయి. ఎవరూ లేచి వెళ్లిపోలేదు.

ఆ రెండు వర్గాల పేర్లు నాటికలో ఎందుకు చెప్పలేదని కొందరు అడిగారు. పేరు చెబితే చూసేవాళ్లు ముందు ఎవరి పక్షమో చూసుకుని, తర్వాత కథ చూస్తారు. మేం వాళ్లను ముందు ఆ కిటికీ దగ్గర నిలబెట్టాలనుకున్నాం. ఈ విషయంలో తప్పు చేశామని మీకు అనిపిస్తే చెప్పండి, వింటాను.

అమ్మా, మీ పాత ఇంటి నుంచి ఊడదీసి మాకిచ్చిన ఆ కిటికీ ఆదివారం పొద్దున్నే తెచ్చి ఇస్తాం. ఒక రెక్క మీద రంగు కొంచెం లేచింది, దాన్ని సరిచేస్తున్నాం. గడియకు మాత్రం నూనె రాయలేదు. మీరు చెప్పినట్టే ఉంచాం.