భారత ఫుట్‌బాల్ లీగ్ చరిత్ర 2014లో మొదలు కాలేదు

గౌరవనీయులైన సంపాదకులకు,

ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) వార్తల్లో ‘చరిత్రలోనే అత్యధికం’, ‘ఆల్‌టైమ్ రికార్డు’ అన్న మాటలు తరచుగా కనిపిస్తున్నాయి. ఆ అంకెలు తప్పని నేను అనడం లేదు. అవి 2014 అక్టోబరులో మొదలైన ఒక పోటీకి మాత్రమే చెందినవని చెప్పకుండా, దేశంలోని లీగ్ ఫుట్‌బాల్ మొత్తానికీ అవే కొలమానం అన్నట్టు ప్రచురించడం మీదే నా అభ్యంతరం. మన దేశంలో జాతీయ స్థాయి లీగ్ 1996-97లో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌గా మొదలై, 2007 నుంచి ఐ-లీగ్‌గా కొనసాగింది. ఆ కాలమంతా లెక్కలోంచి జారిపోతోంది.

2024-25లో నార్త్ఈస్ట్ యునైటెడ్ తరఫున మొరాకో ఆటగాడు అలాద్దీన్ అజరై 23 గోల్స్ చేసినప్పుడు, ఒక సీజన్‌లో ఇదే అత్యధికమని రాశారు. ఐఎస్‌ఎల్ వరకు అది నిజమే. కానీ 2011-12లో, ఐ-లీగే దేశంలో అగ్రశ్రేణి పోటీగా ఉన్న రోజుల్లో, గోవా క్లబ్ డెంపో తరఫున నైజీరియా ఆటగాడు రాంటీ మార్టిన్స్ 32 గోల్స్ చేశాడు. ఆ సీజన్‌లో ఒక్కో జట్టు ఆడినవి 26 మ్యాచ్‌లు. 2024-25 ఐఎస్‌ఎల్‌లో ప్లేఆఫ్స్ (లీగ్ దశ తర్వాత విజేతను తేల్చే మ్యాచ్‌లు) కాకుండా 24. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడలేనంత తేడా ఏమీ లేదు. అయినా ఈ తరం అభిమానుల్లో మార్టిన్స్ పేరు విన్నవారు ఎందరున్నారు?

సునీల్ ఛెత్రి విషయం మరీ బాధ కలిగిస్తుంది. 2024 సెప్టెంబరులో మోహన్ బగాన్‌పై గోల్ చేసి, ఐఎస్‌ఎల్‌లో అన్ని సీజన్లూ కలిపి అత్యధికంగా నైజీరియా ఆటగాడు ఓగ్బెచె పేరిట ఉన్న 63 గోల్స్ రికార్డును ఆయన దాటారు. ఆ లెక్కలో 2015కు ముందు ఆయన మోహన్ బగాన్, జేసీటీ, ఈస్ట్ బెంగాల్, డెంపో తదితర జట్లకు ఆడిన జాతీయ లీగ్ మ్యాచ్‌ల్లోని గోల్ ఒక్కటీ లేదు. 2016-17లో బెంగళూరు జెర్సీతో ఐ-లీగ్‌లో చేసిన గోల్స్ ఒక ఖాతాలో, మరుసటి సీజన్‌లో క్లబ్ ఐఎస్‌ఎల్‌కు మారాక అదే జెర్సీతో చేసినవి ఇంకో ఖాతాలో ఉన్నాయి. మన దేశం కన్న గొప్ప గోల్ వీరుడి లీగ్ జీవితాన్ని ఇలా మధ్యలో తెగ్గొట్టి చూపడం న్యాయం కాదు.

ఇంగ్లండ్‌లోనూ ఈ చిక్కు ఉంది. అలన్ షియరర్ 260 గోల్స్ 1992లో మొదలైన ప్రీమియర్ లీగ్‌కు సంబంధించినవే. అంతకుముందు జిమ్మీ గ్రీవ్స్ అక్కడి అగ్రశ్రేణి డివిజన్‌లో 357 చేశాడు. అయితే అక్కడ క్లబ్బులు బతికే ఉన్నాయి, పాత లెక్క అడిగేవారూ ఉన్నారు. ఇక్కడ మొదటి నేషనల్ లీగ్ గెలిచిన పంజాబ్ జట్టు జేసీటీ 2011లో మూతపడింది. 2005-06 విజేత మహీంద్రా యునైటెడ్ అంతకు ఏడాది ముందే రద్దయింది. వాటి తరఫున అడిగేవారు లేరు కాబట్టే పాత లెక్కను నిలిపే పని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య చేయాలి.

అన్నిటినీ గుడ్డిగా కలిపేయమని కాదు. తొలి మూడేళ్లు ఐఎస్‌ఎల్ ఎనిమిది జట్లతో కొద్ది నెలల్లో ముగిసే పోటీ. చాలామంది ఆటగాళ్లు అది కాగానే ఐ-లీగ్ ఆడేవారు. ఆ తర్వాత కొన్నేళ్లు రెండు లీగ్‌లూ సమాంతరంగా నడిచాయి. ఏ ఏడాది ఏది అగ్రశ్రేణి, ప్లేఆఫ్ గోల్స్‌ను లీగ్ గోల్స్‌లో కలపాలా వద్దా అన్నవి నిజంగా కష్టమైన ప్రశ్నలే. సమాఖ్య వాటిపై ఒక నిర్ణయం తీసుకుని, కారణాలతో సహా రాసి, 1996 నుంచి ఒకే అధికారిక పట్టికను ప్రచురించాలని కోరుతున్నాను. 2010లో సమాఖ్య కుదుర్చుకున్న పదిహేనేళ్ల వాణిజ్య హక్కుల ఒప్పందం 2025 డిసెంబరుతో ముగిసింది. హక్కులు చేతులు మారినప్పుడల్లా రికార్డులు చెదిరిపోని ఏర్పాటు ఇప్పుడే జరగాలి.

ఇందులో మన హైదరాబాద్‌కు సొంత నష్టం ఉంది. 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ (ముంబైలో జరిగిన పాత నాకౌట్ పోటీ) గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు లీగ్ రికార్డే లేదు, ఎందుకంటే అప్పటికి జాతీయ లీగే లేదు. లీగ్ చరిత్రలో మన నగరానికి దక్కిన పెద్ద విజయం 2022 మార్చి 20న హైదరాబాద్ ఎఫ్‌సీ సాధించినది. గోవాలో జరిగిన ఫైనల్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి షూటౌట్‌లో మూడు పెనాల్టీలు అడ్డుకోగా, కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి ఆ జట్టు ఐఎస్‌ఎల్ విజేతగా నిలిచింది. ఓగ్బెచె ఆ సీజన్‌లో మనవాళ్ల తరఫున 18 గోల్స్ చేశాడు. కోవిడ్ కారణంగా సీజన్ అంతా గోవాలోనే నడవడంతో గచ్చిబౌలి స్టేడియంలో ఒక్క మ్యాచ్ కూడా చూసే భాగ్యం మనకు లేకపోయింది. 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారింది. యాజమాన్యం ఎక్కడికి వెళ్లినా, 2021-22 విజేత ఎవరన్న గడిలో హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఉండాలి. ఈ విషయంలో తెలంగాణ ఫుట్‌బాల్ పెద్దలు సమాఖ్యకు లిఖితపూర్వకంగా విజ్ఞప్తి చేయాలి.

మీ పత్రికకు నా విన్నపం రెండు మాటలు. ఇలాంటి రికార్డు వార్త వేసినప్పుడు ‘ఐఎస్‌ఎల్‌లో, 2014 నుంచి’ అని తప్పక చేర్చండి. అలాగే 1996 తర్వాతి మీ క్రీడా పేజీల్లో అచ్చయిన స్కోర్లు, గోల్ చేసినవారి పేర్లు భద్రంగా ఉంటే, వాటిని ఆసక్తి ఉన్నవారికి అందుబాటులో ఉంచండి. అధికారిక పట్టిక తయారుచేసే రోజున అవి ఎంతో అవసరమవుతాయి.

భవదీయుడు,
ఒక ఫుట్‌బాల్ అభిమాని,
సికింద్రాబాద్