రుతుచక్రాన్ని జనవరి దగ్గర తెంచకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

వన్యప్రాణుల లెక్కల మీద మీ పత్రికలో వార్త వచ్చినప్పుడల్లా పక్కన ఒక బార్ చార్ట్ ఉంటోంది. ఎడమ చివర జనవరి, కుడి చివర డిసెంబర్. నా అభ్యంతరం ఆ రెండు చివర్ల మీదే. ఒక వలస పక్షి అక్టోబర్‌లో దిగి మార్చి దాకా ఉంటుందనుకోండి. ఆ చార్ట్‌లో దాని సీజన్ తల కుడి పక్కన, తోక ఎడమ పక్కన పడుతుంది. మధ్యలో పెద్ద ఖాళీ. చూసినవారికి ఆ పక్షి ఏడాదికి రెండుసార్లు వచ్చి వెళ్తోందనిపిస్తుంది. రుతుచక్రం అని మనమే అంటాం, గీసేటప్పుడు మాత్రం ఆ చక్రాన్ని తెంచి తిన్నగా సాగదీస్తున్నాం.

నేను సెలవు రోజుల్లో పక్షుల లెక్కింపుకు వెళ్తుంటాను. మేం రాసిచ్చిన తేదీలతో తయారైన ఒక నివేదికలో, చలికాలంలో మాత్రమే కనిపించే ఒక బాతు ‘సగటున కనిపించే రోజు’ జూలై మొదటి వారమని వేశారు. జూలైలో ఆ బాతును మాలో ఎవరూ ఒక్కసారి కూడా చూడలేదు. చదివి చాలా బాధేసింది. కారణం వెతికితే చిన్నదే. డిసెంబర్ 31 ఏడాదిలో 365వ రోజు, జనవరి 1 మొదటి రోజు. రెండూ కలిపి సగం చేస్తే 183, అంటే జూలై 2. పక్కపక్కనే ఉన్న రెండు రోజుల సగటు ఆరు నెలల అవతల తేలింది. కెమెరా ట్రాప్ (జంతువు కదిలితే తనంతట తానే ఫొటో తీసే కెమెరా) ఫొటోల సమయాలకూ ఇదే గతి: రాత్రి 11 గంటలకు ఒకసారి, ఒంటిగంటకు ఒకసారి కెమెరాకు చిక్కిన జంతువు సగటున మధ్యాహ్నం 12కి తిరుగుతున్నట్టు లెక్క వస్తుంది.

బాతు కాబట్టి మాకు వెంటనే తెలిసిపోయింది. ఎవరికీ అంతగా తెలియని జంతువైతే ఆ తేదీ అలాగే నిలిచిపోయేది. అడవి దారులు రాత్రిపూట ఎప్పుడు మూయాలి, గుడ్లు పెట్టే తీరాల్లో లైట్లు ఎప్పుడు ఆర్పాలి అనేవి ఇలాంటి లెక్కలు చూసే నిర్ణయిస్తారు. అందుకే దీన్ని గణితం తెలిసినవాళ్ల గొడవగా వదిలేయలేకపోతున్నాను.

సరిచేయడం కష్టమేమీ కాదు. ఏడాదిని 360 డిగ్రీల వృత్తం అనుకుంటే ఒక్కో రోజు సుమారు 0.986 డిగ్రీ. (లీపు సంవత్సరమైతే 366తో భాగించాలి.) ప్రతి తేదీ ఒక కోణం అవుతుంది. ఆ కోణాల సైన్‌లను, కొసైన్‌లను విడివిడిగా సగటు చేసి, వాటి నుంచి మళ్లీ కోణం రాబడితే బాతు తిరిగి చలికాలంలోకి వచ్చేస్తుంది. ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ మొదలుపెట్టిన ‘ఆర్’ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్ ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. అందులో ‘సర్క్యులర్’ అనే ప్యాకేజీ ఈ లెక్కంతా చేసిపెడుతుంది. ‘ఆర్’లోనే చార్టులు గీసే ‘జీజీప్లాట్2’ ప్యాకేజీతో బార్ చార్ట్ గీసేవారు ‘కోఆర్డ్ పోలార్’ అన్న ఒక్క ఆదేశం చేరిస్తే చాలు, అదే చార్ట్ గుండ్రంగా చుట్టుకుని డిసెంబర్ పక్కన జనవరి వచ్చి కూర్చుంటుంది.

అయితే చుట్టేసి ఊరుకుంటే ఇంకో తప్పు జరుగుతుంది. గుండ్రటి చార్ట్‌లో ఒక్కో బార్ పువ్వు రేకులా మారుతుంది. ఆ రేకు పొడవు రెట్టింపైతే దాని వైశాల్యం నాలుగు రెట్లవుతుంది. కంటికి ఆనేది వైశాల్యమే. 1858లో ఫ్లారెన్స్ నైటింగేల్ సైనికుల మరణాలను నెలవారీగా ఇలాంటి చార్ట్‌లో చూపినప్పుడు సంఖ్యకు తగ్గట్టుగా వైశాల్యాన్నే పెట్టారు. అంటే రేకు పొడవుకు సంఖ్యను కాకుండా దాని వర్గమూలాన్ని తీసుకోవాలి. ఇప్పుడు గీసేవాళ్లలో చాలామంది ఇది మరచిపోతున్నారు.

ఒక్క అంకెనే నమ్మడం కూడా ప్రమాదం. ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి మాత్రమే మన మీదుగా వెళ్లే పక్షిని తీసుకోండి. ఆ రెండు నెలలూ వృత్తంలో ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి లెక్కలో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. సీజన్ ఉందో లేదో తేల్చే రేలీ పరీక్ష ఇక్కడ ‘సీజన్ ఏమీ లేదు’ అనే అవకాశం ఉంది. కోణాలను రెట్టింపు చేసి మళ్లీ పరీక్షిస్తే అసలు సంగతి బయటపడుతుంది. కానీ ముందు బొమ్మ గీసి చూసుంటేనే కదా ఆ అనుమానం వచ్చేది!

బార్ చార్ట్‌ను పూర్తిగా మానేయమని నేను అనను. ఏ నెల ఎంత ఎక్కువో కచ్చితంగా పోల్చాలంటే ఒకే గీత మీద నిలబెట్టిన బార్లే మేలని గణాంక శాస్త్రవేత్తలు క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ 1984లో చూపించారు. అలాంటప్పుడు చార్ట్‌ను జనవరితో కాకుండా ఆ జంతువు అతి తక్కువగా కనిపించే నెలతో మొదలుపెట్టండి. సీజన్ ముక్కలు కాదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎన్నిసార్లు వెళ్లి వెతికారన్న లెక్క. వర్షాల్లో మేం తక్కువగా బయటికి వెళ్తాం, సెలవుల్లో ఎక్కువగా వెళ్తాం. ఆ తేడాను పట్టించుకోకపోతే చార్ట్‌లో కనిపించేది పక్షుల సీజన్ కాదు, మా సెలవుల సీజన్. పక్షులు చూసేవాళ్లు తమ లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్ తన బార్ చార్టుల్లో ఒక పక్షి ఎంత శాతం చెక్‌లిస్టుల్లో (వెళ్లిన ప్రతిసారీ చూసినవి రాసిచ్చే జాబితాల్లో) నమోదైందో చూపేది ఇందుకే.

మీకు నా విన్నపం ఇది. లెక్కింపు ఫలితాలు ఇచ్చే కార్యాలయాలను నెలవారీ మొత్తాలతో సరిపెట్టనివ్వకండి. ఫిబ్రవరిలో 28 రోజులు, మార్చిలో 31. రాక ఒక వారం ముందుకు జరిగినా నెల మొత్తంలో అది కలిసిపోతుంది. ఏ తేదీన ఏం కనిపించింది, ఆ రోజు ఎంతమంది ఎన్ని గంటలు వెతికారు అన్న పట్టికను ఎవరైనా దించుకునేలా బయటపెట్టమని అడగండి. ఏమీ కనిపించని రోజులు కూడా అందులో ఉండాలి. ఆ పట్టిక మీ చేతికొస్తే చార్ట్ గీసివ్వడానికి మాలాంటి పాఠకులం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
పక్షుల లెక్కింపులో పాల్గొనే ఒక పాఠకురాలు