మంత్రి గారూ, చంద్రమతి వేషంలో అసభ్యం ఎక్కడుందండీ?

మంత్రి గారికి నమస్కారమండి. ఇది నా నాలుగో అర్జీ. రెండుసార్లు సోమవారం టోకెన్ తీసుకుని లైన్లో నిలబడి ఇచ్చా, ఒకసారి మీరు గుంటూరు వచ్చినప్పుడు కారు అద్దంలోంచి మీ చేతికే ఇచ్చా, మీరు పక్కాయనకిచ్చారు, ఆయన నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఆ చొక్కా ఈపాటికి ఎన్ని ఉతుకులు చూసిందో. అందుకే ఈసారి పదిమందిలో పెడుతున్నా, కోప్పడకండి.

22 ఏళ్లుగా పద్యనాటకాల్లో చంద్రమతి, అదే హరిశ్చంద్రుడి భార్య వేషం, వేస్తున్నా. పర్మిషన్ల తంతు మీకు తెలియంది కాదు, చలానా, మైకు పర్మిషను, కరెంటోళ్ల కాయితం, ఫైర్ వాళ్ల కాయితం, అవన్నీ కమిటీ వాళ్లు పడతారు, వాటి గురించి నేను ఏడవట్లా. నా ఏడుపంతా ఆ 100 రూపాయల స్టాంపు పేపరు గురించే.

దాని మీద పోలీసోళ్లు ఏం రాయించుకుంటారో ఎప్పుడన్నా చదివారా సార్? అశ్లీల నృత్యాలు ఉండవు, అసభ్య పాటలు ఉండవు, మహిళలు అసభ్యకరమైన దుస్తులు ధరించరు. రికార్డింగ్ డ్యాన్సుల కోసం టైపు చేయించిన కాయితమే, డ్యాన్స్ అన్నచోట పెన్నుతో కొట్టేసి నాటకం అని రాస్తారు, అదీ పైన ఒక్కచోటే, కింద మళ్లీ డ్యాన్స్ అనే ఉంటది. దాని కింద నేను సంతకం పెట్టాలి. 51 ఏళ్లదాన్ని, మాసిన నేతచీర కట్టుకుని చచ్చిన కొడుకుని ఒళ్లో వేసుకుని ఏడ్చేదాన్ని, అసభ్యంగా ఉండనని రాసివ్వాలి. హరిశ్చంద్రుడు వేసే మాస్టారు కాటిసీనులో మోకాళ్ల పైకి పంచె ఎగ్గట్టి చొక్కా లేకుండా తిరుగుతారు, ఆయన బట్టల మీద మాత్రం ఒక్క ముక్క లేదు.

మొన్న శివరాత్రికి ఏం జరిగిందో వినండి. ఊరి పేరు చెప్పను, కమిటీ వాళ్లు మళ్లీ ఆ స్టేషనుకే పోవాలి కదా. 12 రోజుల ముందు పెట్టిన దరఖాస్తుకి కాయితం ఆ రోజు సాయంత్రం 6 దాటాక వచ్చింది, అప్పటికే మేం మేకప్‌లో కూర్చున్నాం. 10 గంటలకి మైకు ఆపాలంట. శివరాత్రి అండి అది, జాగారం! తెల్లవార్లూ మేలుకుందామనే కదా జనం నాటకం పెట్టించుకునేది, 10కి ఆపేస్తే సెల్లు చూసుకుంటా కూర్చోవాలా. దాతలకి శాలువాలు, పెద్దల మాటలు అయ్యేసరికే 9 దాటింది (శాలువా కప్పించుకున్నోళ్లలో మీ వాళ్లూ ఉన్నారు లెండి), ఇక సీన్లు కోసుకుంటా, వారణాసి సీను సగంలో వదిలేసి, ఉరుకుల పరుగుల మీద కాటిసీనుకొచ్చాం. 10:15కి నేను రాగం ఎత్తానో లేదో పక్క కర్టెన్లోంచి కానిస్టేబుల్ వచ్చి హార్మోనియం మాస్టారి భుజం తట్టాడు. మాస్టారు తిత్తి మీద చెయ్యి అలాగే ఉంచి నా వంక చూశారు. శృతి ఆగిపోయింది, నా గొంతు ఒక్కటే పోతా ఉంది. వెనకే ఎస్సై గారు స్టేజి ఎక్కి "డ్యాన్సర్లు ఎంతమంది, ఆధార్ కార్డులు తీయండి" అన్నారు. ఒళ్లో లోహితుడు వేసిన పిల్లోడు, మా తబలా ఆయన మనవడు, చచ్చిపోయినోడు కాస్తా ఒక కన్ను తెరిచి "అమ్మమ్మా, అయిపోయిందా, లేవనా" అన్నాడు. ముందు వరసలో దుప్పట్లు కప్పుకుని కూర్చున్న ముసలమ్మలు ఫక్కున నవ్వారు. కాటిసీనుకి జనం నవ్వడం 22 ఏళ్లలో అదే చూడ్డం.

నాటకం పూర్తవ్వలేదని కమిటీ 40 వేలకి 22 వేలే ఇచ్చింది. వ్యానుకి, కర్టెన్లు డ్రస్సులు సప్లయి చేసినోళ్లకి పోను మిగిలింది తొమ్మిది మందిమి పంచుకున్నాం.

మా అక్క కొడుకు ప్లీడరు. 1876లో ఇంగ్లీషోళ్లు నాటకాల మీద పెట్టిన చట్టాన్ని 2018లో ఢిల్లీ వాళ్లే రద్దు చేశారంట, మరి మా దగ్గర ఇంకా స్క్రిప్టు కాపీ ఎందుకడుగుతున్నారు సార్? బూతులకి కొత్త శిక్షల చట్టం, అదే బీఎన్ఎస్‌లో 296వ సెక్షను ఉందంట, 3 నెలల దాకా జైలు, 1000 దాకా ఫైను, దాన్లోనూ అశ్లీలమంటే ఇదీ అని విడమర్చి లేదంట, అంటే స్టేషన్లో ఆ పూట ఎవరుంటే వాళ్లకేదనిపిస్తే అదే. ఇంకోటి, 2000 నాటి సౌండు రూల్సులోనే పండగలకి, సాంస్కృతిక కార్యక్రమాలకి ఏడాదికి 15 రోజుల దాకా రాత్రి 12 వరకు మైకు ఇవ్వొచ్చని ఉంది, ఏ రోజులో ప్రభుత్వం ముందే చెప్పాలని కూడా ఉంది. ఆ రోజుల్లో శివరాత్రి ఉందా లేదా? ఎవర్నడిగినా పైనోళ్లనడగమంటారు. పైనోళ్లంటే మీరే కదండీ.

సంక్రాంతికి బరుల దగ్గర స్క్రీన్లు పెట్టి తెల్లవార్లూ డ్యాన్సులు వేయిస్తారు, అసలు కోడిపందెమే చట్టానికి విరుద్ధం, అక్కడ ఆధార్ ఎవరడిగారో నాకు తెలియదు. ఆ పిల్లల్ని అనట్లేదు నేను, వాళ్లదీ పొట్టకూటి బాధే, వాళ్లలో ఒకమ్మాయి చిన్నప్పుడు నా ఒళ్లో లోహితుడు వేసిందే.

మా తప్పుల్లేవనను. 2022 జనవరిలో చింతామణిని నిషేధించారు, ఆ నాటకంలో చప్పట్ల కోసం లేనిపోని బూతులు కలిపినోళ్లు మా స్టేజీలోనే ఉన్నారు. అట్లా మాట్లాడినోణ్ణి పట్టుకోండి, కేసు పెట్టండి. ఆడది స్టేజి ఎక్కాలంటే ముందే నేను మంచిదాన్నని రాసిచ్చి ఎక్కాలా? 2023 డిసెంబర్లో మన వెంకటేశ్వర విజ్ఞాన మందిరంలో నంది నాటకోత్సవాలు జరిగినప్పుడు వేషాలేసిన ఆడోళ్లని ఇట్లాగే రాసిమ్మన్నారా? హాల్లో అయితే కళ, పందిట్లో అయితే అసభ్యమా?

ఆ కాయితం మార్పించండి సార్, అంతే. మార్చలేకపోతే నాటకం అని సరిగ్గా టైపన్నా చేయించండి. పర్మిషను రెండ్రోజుల ముందన్నా ఇప్పించండి.

శ్రీరామనవమి పందిట్లో ఆట ఒప్పుకున్నాం. బయానా 5 వేలు కర్టెన్ల బాకీకి పోయింది. కమిటీ కుర్రాళ్లు నిన్న మళ్లీ అదే స్టాంపు పేపరు తెచ్చి ఇంట్లో ఇచ్చి పోయారు, టీవీ పక్కన పెట్టా, ఇంకా సంతకం పెట్టలా. నవమి లోపు ఏదో ఒకటి చెప్పించండి.

ఇట్లు,
చంద్రమతి వేసే ఆవిడ,
గుంటూరు