శ్రీరంగపట్నం వెళ్లమన్నారు సరే, కావేరి మాటేమిటి?

సంపాదకులకు,

అయ్యా,

మొన్నటి ఆదివారం అనుబంధంలో, ఒక్కరోజులో వెళ్లిరాదగిన ఊరంటూ మైసూరు దగ్గరి శ్రీరంగపట్నం గురించి వేశారు. రంగనాథుడి గుడి, 1784లో కట్టిన టిప్పు మహలు దరియా దౌలత్, టిప్పు సమాధి ఉన్న గుంబజ్, నిమిషాంబ గుడి, రంగనతిట్టు పక్షులు, ఏదీ వదల్లేదు. ఫొటోలూ బాగున్నాయి. కానీ ఆ ఊరు ఉన్నదే కావేరి పాయల నడుమ లంకలో కదా, ఆ నది ఎలా ఉందో ఒక్క ముక్కయినా రాయలేదేం?

పశ్చిమవాహిని రేవులో దిగి చూస్తే తెలుస్తుంది. 1948లో గాంధీగారి అస్థికలు కలిపిన చోటది. ఇప్పుడు నీళ్లలో కాలు పెడితే ముందు తగిలేది ఎవరో వదిలేసిన చీర, పంచె. మెట్ల సందులో ఇరుక్కున్న ఒక చీర కొంగు మా అబ్బాయి లాగితే, దానికి చుట్టుకుని నాచు పట్టిన తువ్వాలు, పసుపు కుంకుమ పొట్లాలతో సహా ప్లాస్టిక్ కవరు బయటికొచ్చాయి. కట్టుబట్టలు నదిలో వదిలితే దోషం పోతుందని ఎవరు చెప్పారో గానీ, ఈ పని చేసేది ఆ ఊరివాళ్లు కాదు. బెంగళూరు నుంచి కార్లేసుకుని పోయే మనమే. నేను వెళ్లిన రోజు రేవులో తెలుగు మాటే ఎక్కువగా వినబడింది. సిగ్గేసింది.

ఆ ఊరి జనం ఎంత మంచివాళ్లు! సంగమం దగ్గర తడిబట్టలతో నిలబడ్డ ఆడవాళ్లను చూసి, పూలమ్మే ఆవిడ తన కొట్టు వెనక గదిలోకి పంపింది. డబ్బులిస్తే "బేడమ్మా" అని చేయి పక్కకు నెట్టేసింది. పుట్టి నడిపే పెద్దాయన, పైనున్న కన్నంబాడి ఆనకట్ట నుంచి నీళ్లు వదిలారు, పిల్లలతో ఎక్కొద్దని బేరమే వదులుకున్నాడు. అలాంటి వాళ్ల ఊళ్లో మనం చెత్త పోసి వస్తున్నాం.

ఇక అధికారులు. బండి ఆపీ ఆపకముందే రసీదు చింపడానికి మనిషి ఉంటాడు. బట్టలు మార్చుకునే గదికి మాత్రం తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగితే ఆ రసీదు మనిషికే తెలియదు. చెత్తబుట్ట కోసం వెతికాం, కనబడలేదు. 2017లో రైల్వే రెండో లైను కోసం టిప్పు కాలపు ఆయుధాగారాన్ని కట్టడం కట్టడంగా పక్కకు జరిపారు ఇదే ఊళ్లో. అంత పని చేయించగలిగిన ప్రభుత్వాలకు రేవులో నాలుగు బుట్టలు పెట్టించడం కష్టమా? 2023లో 118 కిలోమీటర్ల బెంగళూరు-మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే ప్రారంభించి టోలు వసూలు చేస్తున్నారే, వచ్చే జనం పెరుగుతారని, రేవులు తట్టుకోలేవని ఎవరికీ తోచలేదా? మన బెంగళూరులోనే దిక్కులేదనుకోండి. బెళ్లందూరు చెరువు నురగలు కక్కి మండితే కొన్నాళ్లు గోల చేశాం, తర్వాత ముక్కు మూసుకుని దాని పక్కనుంచే ఆఫీసులకు పోతున్నాం.

అసలు సంగతి ఇంకొకటుంది. శ్రీరంగపట్నం దాటి దిగువకు పోయిన కావేరినే శివనసముద్రానికి ఎగువన మళ్లించి, తొరెకాడనహళ్లిలో శుద్ధి చేసి, వంద కిలోమీటర్ల దూరం పంపు చేసి మన కొళాయిలకు తెస్తున్నారు. 1974 నుంచి ఈ నగరం తాగుతున్నది ఆ నీళ్లే. 2024 అక్టోబరులో ఆ కావేరి నీళ్ల పథకం ఐదో దశ మొదలైందని అందరం సంబరపడ్డాం. ఆదిరంగడి పాదాల దగ్గర మనం పారేసింది మన బిందెలోకే వస్తుందని పిల్లలకు తెలుసు, పెద్దవాళ్లకు పట్టదు.

ఇలాంటి వ్యాసం మళ్లీ వేస్తే, ఎక్కడ తినాలో రాసిన చోటే నదిలో బట్టలు వదలొద్దనీ, కవర్లు వెనక్కి తెచ్చుకోమనీ పెద్దక్షరాల్లో రాయండి. మీ మండ్య విలేకరిని ఒక పూట రేవుకు పంపి, ఆ గదికి తాళం ఎందుకు వేశారో, చెత్త ఎత్తే బాధ్యత ఎవరిదో అధికారుల చేత చెప్పించి పత్రికలో వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రామమూర్తినగర్, బెంగళూరు