పబ్లిక్ కంప్యూటర్‌లో లాగౌట్ మరవకండి

సంపాదకులకు,

మొన్న ఒక గ్రంథాలయంలో కంప్యూటర్ ముందు కూర్చుని బ్రౌజర్ తెరవగానే ఎవరిదో మెయిల్ ప్రత్యక్షమైంది. విండో మూసి వెళ్లారు గానీ లాగౌట్ కాలేదు. నేను లాగౌట్ చేసి వదిలేశాను, అందరూ అలాగే వదిలేస్తారని ఏముంది? ఇక డౌన్‌లోడ్స్ ఫోల్డర్ నిండా ఎవరెవరివో గుర్తింపు కార్డులు, సర్టిఫికెట్లు!

మనవాళ్లు పబ్లిక్ వైఫైకే ఎక్కువ భయపడతారు. 2010లో ఫైర్‌షీప్ అనే చిన్న ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించుకునే ప్రోగ్రామ్) వచ్చినప్పుడు ఆ భయం సబబే. అదే వైఫైలో ఉన్న మరొకరి ఖాతాలోకి దానితో ఇట్టే దూరగలిగేవారు. ఇప్పుడు చాలా సైట్లు సమాచారాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే రహస్య సంకేతాలుగా మార్చి పంపే హెచ్‌టీటీపీఎస్‌కు మారాయి కాబట్టి దాన్ని దారి మధ్యలో కాజేయడం కష్టమైంది. అసలైన వైఫై పేరుతోనే నకిలీది పెట్టి, దొంగ లాగిన్ పేజీ చూపే పన్నాగం మాత్రం పోలేదు.

నా దృష్టిలో అంతకన్నా ప్రమాదం మనది కాని కంప్యూటరే. అందులో మనం నొక్కే కీలను గుట్టుగా నమోదు చేసే కీలాగర్ ఉంటే, సైటు హెచ్‌టీటీపీఎస్ వాడుతున్నా లాభం లేదు. మనం నొక్కిన ప్రతి అక్షరమూ ఎన్‌క్రిప్ట్ కాకముందే నమోదైపోతుంది. మనం చూసిన పేజీల జాబితాను బ్రౌజర్‌లో దాచని ఇన్‌కాగ్నిటో విండో కూడా దాన్ని ఆపలేదు. ఓటీపీ ఉందిగా అంటారు. లాగిన్ అయ్యాక మనల్ని గుర్తుపట్టడానికి బ్రౌజర్‌లో ఏర్పడే చిన్న సమాచారాన్ని, అంటే కుకీని ఎత్తుకుపోయినవాడికి చాలాసార్లు ఓటీపీతో పనే ఉండదు. బ్యాంకు పనులు సొంత ఫోన్‌లో, మొబైల్ డేటాతో చేసుకోవడమే మేలు.

ఒకరు లేవగానే కంప్యూటర్ తనంతట తానే మొదటి స్థితికి వచ్చేసే ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది. నిర్వాహకులు దాన్ని పెట్టించరెందుకో!

– ఒక పాఠకురాలు