మా కారు డిస్‌ప్లేని మళ్ళీ వెలిగించిన ముగ్గురికి

అందరికీ నమస్కారమండి. ఇది పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి. ముగ్గురు మనుషులకి నలుగురిలో కృతజ్ఞతలు చెప్పుకోవాలని రాస్తున్నాను. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు, రాజోలు, పాలకొల్లు చుట్టుపక్కల వాళ్ళకి ఎలాగూ తెలిసిపోతుంది.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. రొయ్యల్లో రెండు పంటలు వరసగా కలిసొచ్చిన ఏడాది సెకండ్ హ్యాండ్‌లో ఒక రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొన్నాను. ఎర్ర కారు, నేలకి ఆనినట్టు ఉంటుంది. స్పీడు బ్రేకరు వస్తే ఏటవాలుగా ఎక్కించాలి. కింద తగులుతుందని పంటు (రేవు దాటించే పడవ) ఎక్కించను, అందుకే నరసాపురం వెళ్ళాలన్నా సఖినేటిపల్లి రేవు వదిలేసి చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్తాను. చిన్నప్పటి నుంచీ కోరుకున్న కారు కాబట్టి ఆ తిరుగుడు కూడా నాకు ఇష్టమే.

జూలైలో నాన్నగారికి గుండె ఆపరేషన్. విశాఖపట్నంలో 52 రోజులు ఉండిపోయాం. దేవుడి దయవల్ల ఆయన బాగున్నారు. కారు మాత్రం కొబ్బరి తోటలో షెడ్డు కింద టార్పాలిన్ కప్పుకుని అలాగే ఉంది. వచ్చి రిమోటు నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. రిమోటు లోపల దాచి ఉండే చిన్న తాళంతో తలుపు తీసి మీటరు పెడితే బ్యాటరీలో 4 వోల్టులు కూడా లేవు.

పక్కింటి అబ్బాయి పాపం సాయం చేద్దామని లారీ నుంచి కేబుల్ ఇస్తానన్నాడు. ఎందుకో అనుమానం వచ్చి పాలకొల్లులో బ్యాటరీ షాపు బాబాయి గారికి ఫోన్ చేశాను. "ఆగండాగండి, లారీకి రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టులండి, మీ కారుకి అది పెట్టారంటే కంప్యూటర్లన్నీ కాలిపోతాయి, ట్రాక్టరుదైతే 12, అది చూసుకోండి" అన్నారు. ఆ ఒక్క ఫోన్‌కే ఆయనకి జీవితాంతం రుణపడి ఉంటాను.

ట్రాక్టర్ బ్యాటరీతో ఇంజను స్టార్టయింది. డాష్‌బోర్డు మాత్రం రాలేదు. మీటర్ల ముళ్ళు ఒక్కసారి పైకి లేచి పడిపోయాయి, పసుపు, ఎరుపు లైట్లన్నీ కలిసి వెలిగాయి, స్క్రీను నల్లబడిపోయింది. స్పీడు లేదు, పెట్రోలు ఎంతుందో లేదు. అప్పుడప్పుడూ రెండు సెకన్లు వచ్చి పోతోంది. ఒక సర్వీస్ సెంటరుకి వీడియో పంపిస్తే క్లస్టరు (స్పీడు, పెట్రోలు చూపించే ఆ డిస్‌ప్లే బోర్డు) పోయింది, మార్చాలి, 2,80,000 అవుతుంది, కారుని క్యారియర్ మీద పంపండి అన్నారు. ఆసుపత్రి ఖర్చులు అప్పుడే అయ్యాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు పొద్దున్నే, పిలవకుండానే, బ్యాటరీ షాపు బాబాయి గారు ఛార్జరు వెనకాల కట్టుకుని బండి మీద వచ్చేశారు. బ్యాటరీ ఊడదీసి (నెగటివ్ ముందు తియ్యాలి, పెట్టేటప్పుడు పాజిటివ్ ముందు పెట్టాలి, అది నా చేత మూడుసార్లు చెప్పించారు) రాత్రంతా నిదానంగా ఛార్జింగ్ పెట్టించారు. బాగున్న బ్యాటరీ ఛార్జింగ్ తీసేశాక కూడా 12.6 దగ్గర నిలబడాలటండి. మాది పొద్దుటికి 12.1కి దిగింది, సెల్ఫ్ కొడితే 8కి పడిపోయింది. కొత్తది వేశారు. డిస్‌ప్లే రాలేదు. కొత్త బ్యాటరీతో అంతా సర్దుకుంటుందని ఆశపడ్డాను, అప్పుడు నిజంగానే ధైర్యం పోయింది.

రెండో మనిషి భీమవరంలో ఈసీఈ చదువుతున్న మా స్నేహితుడి కూతురు. ఆదివారం సెలవు మానుకుని స్కానరు, మీటరు పట్టుకుని వచ్చింది. స్కానరులో 19 తప్పుల కోడ్‌లు వచ్చాయి. నా మొహం చూసి, "అంకుల్, ఇవి 19 రోగాలు కాదు. వోల్టేజీ పడిపోయినప్పుడు ఒక కంప్యూటర్ మాట ఇంకోదానికి వినపడదు, అప్పుడు ప్రతిదీ పక్కది కనపడటం లేదని రాసి పెట్టుకుంటుంది" అని చెప్పింది. బ్యాటరీ తీయించి, స్టీరింగ్ కింద స్కానరు తగిలించే ఓబీడీ సాకెట్లో 6వ పిన్నుకీ 14వ పిన్నుకీ మధ్య మీటరు పెట్టింది. 60 ఓమ్‌లు. ఆ కంప్యూటర్లు మాట్లాడుకునే రెండు తీగలకి రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయట, రెండూ పక్కపక్కన (పారలల్‌గా) కలిస్తే 60, అంటే తీగ ఎక్కడా తెగలేదు. మళ్ళీ బ్యాటరీ కలిపాక స్క్రీను వెలిగిన ఆ రెండు సెకన్లలోనే క్లస్టరు స్కానరుకి జవాబిస్తోందని కూడా చూపించింది. అసలు బ్యాటరీ ఎందుకు దిగిందో లెక్క కూడా ఆ అమ్మాయే వేసింది. తాళం వేసినా అలారం, రిమోటు రిసీవరు 50 మిల్లీ ఆంపియర్లు లాగుతుంటే రోజుకి 1.2 ఆంపియర్ అవర్లు, 52 రోజులకి 62. నా బ్యాటరీ 60. తల్లీ, నువ్వు ఇంకా పెద్ద చదువులు చదవాలి.

ఇక అసలు మనిషి. ఆర్టీసీ డిపోలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైన పెద్దాయన. ఆ అమ్మాయే "బోర్డు బాగానే ఉంది, కరెంటు సరిగ్గా అందడం లేదు, తాతగారికి చూపించండి" అని ఆయన దగ్గరికి పంపింది. ఇలాంటి కారు ఆయన ఎప్పుడూ ముట్టుకోలేదు. వచ్చి ఏదీ విప్పలేదు. సీట్లో కూర్చుని ఇరవై నిమిషాలు ఒక్కో స్విచ్చి వేస్తూ తీస్తూ స్క్రీను వైపే చూశారు. హెడ్‌లైట్లు, హారను, వైపరు. ఏసీ బ్లోయరు నాలుగో నంబరులో పెట్టగానే, మిణుకుమిణుకుమంటున్న స్క్రీను పూర్తిగా ఆరిపోయింది. తీసేశారు, మళ్ళీ మిణుకుమంది. ఇంకోసారి వేశారు, మళ్ళీ ఆరింది. అప్పుడు నా వైపు తిరిగి అడిగారు: "బోర్డే పోయుంటే, దానికి బ్లోయరుతో ఏం పనండి?"

నాకు ఇప్పటికీ ఆ మాట చెవిలోనే ఉంది.

మీటరు ఒక కొన బ్యాటరీ నెగటివ్ మీద, రెండో కొన బాడీ రేకు మీద పెట్టి, బ్లోయరు, లైట్లు వేయించారు. 1.4 వోల్టులు చూపించింది. అక్కడ 0.2 కూడా రాకూడదట. ఎర్తు (కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్ళే దారి) వెంట వెతుక్కుంటూ వెళ్తే, బ్యాటరీ నుంచి బాడీకి వచ్చే పట్టీ కుడి వైపు మడ్‌గార్డు లోపల ఒక బోల్టు కింద ఉంది. నల్ల టేపు విప్పితే పచ్చటి పొడి గుప్పెడు రాలింది, రేకు మీద ఉంగరమంత నల్లటి మచ్చ. అంతర్వేది వైపు నుంచి వచ్చే ఉప్పు గాలి, దానికి తోడు మా చెరువుల తేమ. ఎన్నాళ్ళ నుంచో తింటున్న జాయింటు, ఖాళీ బ్యాటరీలోకి ఆల్టర్నేటరు (ఇంజను తిరిగేటప్పుడు బ్యాటరీని ఛార్జి చేసేది) ఒక్కసారిగా కరెంటు తోసేసరికి కాలిపోయిందని చెప్పారు. గరుకు కాగితంతో రేకు మెరిసేదాకా రుద్ది, బోల్టు బిగించి, పైన వాజిలైన్ పూశారు. మళ్ళీ మీటరు పెడితే 0.04.

తర్వాత నెగటివ్ తీసేసి అరగంట వదిలెయ్యమన్నారు, లోపల మిగిలిన ఛార్జి దిగి బోర్డు మొదటి నుంచి లేవాలని. ఆ అరగంటలో అమ్మ అందరికీ టీ ఇచ్చింది. నెగటివ్ బిగించి, ఇంజను స్టార్టు చెయ్యకుండా తాళం మాత్రం తిప్పమన్నారు. ముళ్ళు నెమ్మదిగా చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చాయి. స్క్రీను మీద 41,306 కిలోమీటర్లు అని తెల్లగా నిలబడింది. బ్లోయరు నాలుగులో పెట్టాను. కదల్లేదు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయండి, దాచుకోలేదు.

ఏబీఎస్ (బ్రేకులది) లైటు ఒకటి మిగిలింది. స్టీరింగు ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పి, గట్టు మీద కొంచెం దూరం నడిపితే అదీ పోయింది. అద్దాలు కిందికీ పైకీ పూర్తిగా పోనిచ్చి కాసేపు స్విచ్చి నొక్కి పట్టుకుంటే ఒక్క నొక్కుకే లేవడం మళ్ళీ నేర్చుకున్నాయి. కోడ్‌లు చెరిపేసి రాజోలు దాకా వెళ్ళొచ్చాక ఆ అమ్మాయి మళ్ళీ స్కాన్ చేసింది, ఒక్కటీ తిరిగి రాలేదు.

కొత్త బ్యాటరీ ఖరీదు, గరుకు కాగితం, వాజిలైన్. అంతే ఖర్చు. పెద్దాయన చేతిలో డబ్బు పెట్టబోతే చెయ్యి వెనక్కి లాక్కున్నారు. మా తోటలో చక్కెరకేళి గెల మాత్రం బలవంతాన బండి మీద కట్టించాను. బాబాయి గారూ, తల్లీ, తాతగారూ, మీ ముగ్గురికీ మా ఇంటిల్లిపాదీ నమస్కారాలు. నాన్నగారు మంచం మీద నుంచే, "ముగ్గురినీ భోజనానికి పిలవరా" అన్నారు. ఆయన లేచి తిరగగానే పిలుస్తాను, తప్పకుండా రావాలి.

తాతగారూ, మీరు వెళ్ళేటప్పుడు మీ మనవడికి ఈ కారు చూడాలని ఉందన్నారు కదా. సోమవారం సాయంత్రం మీ ఇంటికి కారులోనే వస్తాను, సీటు రెండోది బాబుదే, చించినాడ వంతెన దాకా వెళ్ళి వస్తాం.